అరచేతిలో అరచెయ్యి

ప్రెబెన్‌కి ఎనభై మూడేళ్ళు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది గానీ, నోరు మాత్రం రెండు పక్కలా పనిచేస్తుంది. ఆ నోటికి తట్టుకోలేక మునిసిపాలిటీ పంపిన ఇద్దరు ఆయాలు వారం తిరక్కుండానే మానేశారు. మూడో ఆమెని ఆయనే గొడవపెట్టి మాన్పించాడు. నాలుగో మనిషి దెకా. మూడేళ్ళ నుంచీ వస్తోంది.

సోమవారం పొద్దున ఏడున్నరకి ఆమె గుమ్మం పక్కన ఉన్న తాళంచెవి డబ్బా మీద నాలుగంకెలు నొక్కి, తలుపు తీసి, బూట్ల మీద నీలం తొడుగులు వేసుకుని లోపలికొచ్చింది. చేతిలో ఫోను, ఫోన్లో పని పట్టీ. లేపడం, స్నానం, క్రీము, బిగుతు మేజోళ్ళు, టిఫిను, మాత్రలు. అన్నిటికీ కలిపి ముప్పై అయిదు నిమిషాలు. ముసలితనాన్ని నిమిషాల్లో కొలిచి పంచే ఊరు అది. అందరికీ అలవాటైపోయింది, దెకాకి కూడా.

"ఆలస్యం" అన్నాడు ప్రెబెన్ మంచం మీంచి.

"రెండు నిమిషాలు ముందే వచ్చాను."

"అయితే నా గడియారం కూడా నీలా వలసొచ్చిన బాపతే అయ్యుంటుంది. చెప్పిన మాట వినదు."

దెకా నవ్వింది. ఆయన మాటల్లో నవ్వాల్సినవీ, విననట్టు వదిలెయ్యాల్సినవీ ఆమెకి ఎప్పుడో వేరుపడ్డాయి. "లేవండి, రాజుగారూ" అంది.

ఆ దేశంలో రాజుని తప్ప అందరూ అందరినీ నువ్వనే అంటారు. దెకా మాత్రం పెద్దవాళ్ళని నువ్వనలేక, భాష నేర్పిన బడిలోని పాత పుస్తకంలో దొరికిన 'మీరు'ని పట్టుకుంది. ఆ మాట ప్రెబెన్ చిన్నప్పుడే అక్కడ మూలపడింది. మొదటిసారి ఆమె నోట విన్నప్పుడు ముసలాయన ఇంకోసారి అనిపించుకున్నాడు. మా అమ్మ ఇలాగే అనేది అని తర్వాతెప్పుడో చెప్పాడు.

స్నానాల గదిలో చక్రాల కుర్చీ మీద కూర్చోబెట్టి, నీళ్ళ వేడి ముందు తన మణికట్టు మీద చూసుకుని, తర్వాత ఆయన పాదం మీద పోసింది. మొహం సబ్బు లేకుండా, కళ్ళు ముక్కు వైపు నుంచి బయటికి. చచ్చుబడ్డ చేతిని తన మోచేతి మీద ఆనించుకుని చంకలో తుడిచింది. పైభాగానికి తెల్ల గుడ్డ, కింది భాగానికి చారల గుడ్డ. రెండూ కలవకూడదు. చేతులకి రబ్బరు తొడుగులు.

నడుము కిందికి వచ్చేసరికి ఏ మగాడైనా గోడకేసి చూస్తాడు. శిక్షణలో ఎవరూ చెప్పని సంగతి అది, తొమ్మిదేళ్ళ పనిలో దెకా తనకై తాను తెలుసుకుంది. అప్పుడు ఊరుకోకూడదు, మాట్లాడుతూ ఉండాలి. అదీ తన సంగతులే చెప్పుకోవాలి. ఎదుటి మనిషి గుట్టు వింటున్నంతసేపూ వాళ్ళ సిగ్గు వాళ్ళకి గుర్తుండదు. బస్సు తప్పిపోవడం, పిండి పులవకపోవడం, కూతురి కోపాలు. ఆ రకంగా ఆమె ఇంటి విషయాలన్నీ ఊళ్ళోని ఏడుగురు ముసలాళ్ళకి తెలుసు.

కానీ ఆ రోజు ముందు మాట్లాడింది ఆయనే.

"శుక్రవారమేగా?"

"ఏది?"

"వేషాలెయ్యకు. పేపర్లో వేశారు. పందొమ్మిది మందికి పౌరసత్వం, టౌన్‌హాల్లో సభ, జెండాలు, శాండ్‌విచ్‌లు. నువ్వు ఇస్తావా, ఇవ్వవా?"

దెకా ఆయన వీపు మీద నీళ్ళు పోసింది.

"నిన్నే అడిగేది. మేయరుకి చెయ్యిస్తావా? ఆ రూలు నాకు కంఠతా వచ్చు. అరచేతిలో అరచెయ్యి, తొడుగు ఉండకూడదు. అంతవరకూ రాజధాని వాళ్ళు రాసింది. మేయరుకే ఇవ్వాలి, ఇంకెవరికిచ్చినా చెల్లదు, ఆ ముక్క మన కౌన్సిల్ది. కౌన్సిల్ది ఏమిటి, నాదే. కౌన్సిలరుగా నేను దిగిపోయే ముందు పెట్టించిన ఆఖరి తీర్మానం."

"తెలుసు. ఇప్పటికి నలభైసార్లు చెప్పారు."

"మా నాన్న పశువుల సంతలో చేతిలో చెయ్యి వేసి ఎద్దుల్ని కొనేవాడు. కాగితం లేదు, సాక్షి లేడు. చెయ్యి వేశాక ధర పడిపోయినా సరే, ఎద్దు కుంటిదని తేలినా సరే, అంతే. దాని మీద నిలబడింది ఈ ఊరు. మీరొచ్చి, మైలపడిపోతామన్నట్టు చేతులు వెనక్కి దాచుకుంటే మాకు ఎక్కడ మండాలి?"

"మైల కాదు."

"మరేంటి?"

దెకా తడి చెయ్యి గుండె మీద పెట్టుకుంది. "మాకు ఇదే మర్యాద. ఇంట్లోవాళ్ళు కాని మగవాళ్ళకి ఇలా."

"మరి నన్ను పొద్దున్నే ఒళ్ళంతా తోముతున్నావే!"

"మీరు జబ్బుమనిషి. పైగా చేతికి తొడుగుంది."

"అంటే నేను మగాణ్ణి కాదన్నమాట."

"కాదు. మీరు నా డ్యూటీ."

ప్రెబెన్ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. దెకా వేళ్ళ సందులు ఒక్కొక్కటీ పొడిగా తుడిచి, చొక్కా ముందు చచ్చుబడ్డ చేతికి ఎక్కించి, తర్వాత రెండోదానికి ఎక్కించింది. రై రొట్టె మీద కాలేయం ముద్ద రాసి, చిన్న ముక్కలుగా కోసి, కుడిచేతి వైపు పెట్టింది. అది పంది కాలేయమని ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు. దాని గురించి మొదటి నెల్లోనే వెక్కిరింతలన్నీ అయిపోయాయి.

ఇంటికొచ్చేసరికి నాలుగు. నవంబరు కదా, అప్పటికే వీధి దీపాలు వెలిగాయి. కూతురు సాగల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది, ఎదురుగా టౌన్‌హాల్ ఉత్తరం.

సాగల్ ఆ ఊరి ఆసుపత్రిలోనే పుట్టింది. ఈ నెల ఇరవై నాలుగుకి పద్దెనిమిది నిండుతాయి. ఈలోగా తల్లికి పౌరసత్వం వస్తే, కూతురికీ దాంతోపాటే వస్తుంది. నిండాక అయితే తన దరఖాస్తు తను పెట్టుకుని, మొదటినుంచీ మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి వరసలో నిలబడాలి. తర్వాతి సభ ఏప్రిల్లో. ఆ పిల్లకి పోలీసు బడిలో చేరాలని ఆశ. అందులో ఈ దేశపు పౌరుల్ని తప్ప తీసుకోరు.

"హూయో, ఏం ఆలోచించావు?" అంది. అమ్మని అలాగే పిలుస్తుంది, మిగతా మాటలన్నీ ఆ ఊరి భాషే.

దెకా పెనం మీద పిండి పోసి గరిటె వెనకవైపుతో గుండ్రంగా తిప్పుతోంది. "వేరే దారేమన్నా ఉందేమో కనుక్కుంటాను."

"ఏ దారీ లేదు. రోజుకి ఏడుగురు ముసలాళ్ళ ముడ్లు కడుగుతావు. మేయరు చెయ్యి మూడు సెకన్లు పట్టుకోలేవా?"

గరిటె ఆగలేదు. "అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు? చెప్పు. నాకు అర్థమయ్యేట్టు ఒక్కసారి చెప్పు."

మగవాళ్ళకి చెయ్యి ఇవ్వొద్దని దెకాకి ఎవరూ హుకుం వెయ్యలేదు. మొగుడు ఉన్నన్నాళ్ళూ అడగలేదు, పోయాకా ఎవరూ అడగలేదు. పదిహేనో ఏట తనకై తాను పెట్టుకున్న కట్టు. ఊరు పోయింది, ఇల్లు పోయింది, మనుషులు పోయారు. ఇదొక్కటి ఎవరి కంటా పడకుండా మిగిలింది. దీన్ని పదిహేడేళ్ళ పిల్లకి ఏ భాషలో చెప్పాలి?

"నీ దేవుడు నీ ఇష్టం" అంది సాగల్. "నేనేమీ అనను. కానీ నీ నిప్పుతో నా కొంప ఎందుకు తగలబెడతావు?"

పెనం మీద అట్టు మాడింది. దెకా దాన్ని తీసి పక్కన పెట్టి, మళ్ళీ పిండి పోసింది.

మంగళవారం డ్యూటీల మధ్య దొరికిన గంటలో దెకా టౌన్‌హాల్‌కి వెళ్ళింది. పౌరసత్వం కాగితాలు చూసే గుమాస్తా పేరు ఇంగలీస. అరవై దగ్గర పడ్డ మనిషి, కళ్ళద్దాలు దారంతో మెడకి వేలాడుతుంటాయి. దెకా చెప్పిందంతా విని, లేచి వెళ్ళి తలుపు వేసొచ్చింది.

"నీ వేలిముద్రల దగ్గర్నుంచి పరీక్ష మార్కుల దాకా అన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళాయి" అంది. "ఎక్కడా ఒక్క మచ్చ లేదు. ఈ చెయ్యి గొడవ దగ్గర ఆపడం నాకూ సుతరామూ ఇష్టం లేదు."

"ఆడవాళ్ళెవరికైనా ఇస్తే కుదరదా?"

ఇంగలీస కళ్ళద్దాలు తుడుచుకుంది. "శుక్రవారం వేదిక మీద మేయరు పక్కన నేనుంటాను, పేర్లు చదవడానికి. నీ పేరు చివర్న చదువుతాను. అప్పటికి ఫోటోలవాడు శాండ్‌విచ్‌ల దగ్గర ఉంటాడు. నువ్వు తిన్నగా నా దగ్గరికి రా. నేను చెయ్యి పట్టుకుంటాను, టిక్కు పెడతాను. మేయరు ఏమీ అనడు, ఆయనకీ ఇదంతా తలనొప్పే. ఒకటే, ఈ సంగతి పిట్టకి కూడా తెలియకూడదు."

దెకా ఆమె రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. బయటికొచ్చాక బస్సు కోసం కూడా ఆగలేదు. వానలో నడుచుకుంటూ తర్వాతి ఇంటికి వెళ్ళిపోయింది. మూడు వారాల్లో మొదటిసారి ఆకలేసింది.

బుధవారం ప్రెబెన్ ఇంట్లో పని ఎప్పటిలాగే నడిచింది. మొహం, చంకలు, వీపు. చారల గుడ్డ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయన గోడకేసి తిరిగాడు. ఆ రోజు ఆయన కడుపు సరిగ్గా లేదు, పక్క పాడైపోయింది. సిగ్గుతో ముసలాయన మెడ ఎర్రబడింది. మూడేళ్ళలో ఆమె అలా చూడలేదు.

దెకాకి జాలేసింది. ఏదో ఒకటి మాట్లాడాలి. వాన సంగతి అయిపోయింది, బస్సు సంగతి అయిపోయింది. ఆ మొహం గోడ మీంచి ఇటు తిప్పాలంటే పెద్ద సంగతే కావాలి. నిన్నటి నుంచీ ఆమె దగ్గర ఉన్న పెద్ద సంగతి ఒక్కటే.

"మీ రూలుకి కన్నం దొరికింది తెలుసా?" అంది నవ్వుతూ.

ప్రెబెన్ తల తిప్పాడు.

చెప్పేసింది. ఇంగలీస పేరుతో సహా, చివర్న పిలవడంతో సహా. చెబుతూ చెబుతూ కడిగేసింది, తుడిచేసింది, పొడి బట్ట వేసేసింది. ముసలాయన సిగ్గు సంగతే మరిచిపోయి విన్నాడు. తన పనితనానికి తనే ముచ్చటపడింది దెకా.

"గట్టిపిండానివే" అన్నాడాయన చివరికి. "ఇంగలీస కూడా తక్కువది కాదు. వాళ్ళ నాన్న నా కొట్లో మాంసం తూకం చూసి చూసి కొనేవాడు."

"ఎవరికీ చెప్పకూడదు మరి."

"నేనెవరికి చెబుతాను? నన్ను చూడ్డానికి ఎవడొస్తున్నాడు గనక?"

టిఫిను పెట్టి, మాత్రలు మింగించి, కోటు వేసుకుంటుంటే ఆయన పిలిచాడు. "దెకా, ఆ ఫోను ఇటు అందేట్టు పెట్టి వెళ్ళు. కళ్ళద్దాలు కూడా."

ఫోను అందించింది. కళ్ళద్దాలు తన కోటు అంచుతో తుడిచి మరీ ఆయన ముక్కు మీద పెట్టింది.

శుక్రవారం టౌన్‌హాల్ నిండా కాగితం జెండాలు. చెక్క నేల మీద మైనం వాసన, పాటలు పాడే ఆడవాళ్ళ బృందం, పొడుగు బల్ల మీద రొయ్యల శాండ్‌విచ్‌లు. దెకా పండగ రోజు కట్టుకునే ముదురాకుపచ్చ బట్టలు కట్టుకుంది. సాగల్ పక్కన కూర్చుని కాలు ఆడిస్తోంది. ఇంగలీస కుదిర్చిన ఏర్పాటు కూతురికి ముందే చెప్పింది. పిల్ల రెండు రోజులుగా అమ్మని చుట్టుకుని తిరుగుతోంది.

వేదిక మీద మేయరు ఉన్నాడు. పక్కన పేర్లు చదవడానికి గడ్డం కుర్రాడొకడు నిలబడ్డాడు. ఇంగలీస ఎక్కడా లేదు.

దెకా లేచి వెళ్ళి తలుపు దగ్గరున్న ఉద్యోగిని అడిగింది. "ఇంగలీసా? ఆమె పైన పాత రికార్డుల గదిలో ఉందమ్మా. నిన్నటి నుంచి అక్కడికి మార్చారు" అన్నాడతను, గొంతు తగ్గించి. "ఎవరో ఫోన్ చేశారట."

ఎవరో. దెకా కుర్చీలోకి తిరిగొచ్చి కూర్చుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు నలుగురు. ఇంగలీస, తను, పక్కన కాలు ఆడిస్తున్న పిల్ల. నాలుగో మనిషి ముక్కు మీద తను పెట్టిన కళ్ళద్దాలు గుర్తొచ్చాయి.

పేర్లు అక్షరాల వరసలో చదువుతున్నారు. ఆమెది అయిదోది. మైకులో పేరు వినపడగానే సాగల్ కాలు ఆగిపోయింది. అమ్మ వైపు చూడలేదు, తన ఒళ్ళో ఉన్న చేతుల్ని చూసుకుంటోంది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే దెకా ఏం చేసేదో చెప్పలేం.

నాలుగు మెట్లు ఎక్కింది. మేయరు మంచివాడే, నవ్వుతూ చెయ్యి చాపాడు. దెకా కుడిచెయ్యి బట్టల్లోంచి బయటికి తీసి ఆ చేతిలో పెట్టింది. వెచ్చగా, కాస్త చెమటగా ఉంది ఆ చెయ్యి. మూడు సెకన్లు కూడా పట్టలేదు. హాలంతా చప్పట్లు.

"ఒక్క నిమిషం, ఫ్లాష్ పడలేదు. మళ్ళీ ఇవ్వండి" అన్నాడు ఫోటోలవాడు.

మొదటిది చట్టానికి. రెండోది ఎందుకో ఎవరూ చెప్పలేదు. మేయరు మళ్ళీ చెయ్యి అందుకుని, ఈసారి కెమెరా తీరిగ్గా చూసుకునేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

దిగుతుంటే మెట్ల కింద కౌన్సిలర్లు వరసగా ఉన్నారు. ఆరుగురు మగవాళ్ళు, అందరివీ చాపిన చేతులు, అందరివీ నవ్వు మొహాలు. ఒకరికి ఇచ్చాక రెండోవాళ్ళకి ఎందుకివ్వవంటే ఏం చెబుతుంది? ఇచ్చింది. ఒకతను రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. వరసలో ఆఖరివాడు ఎర్రమొహం మనిషి, చెయ్యి వదలకుండానే మాట కలిపాడు.

"ప్రెబెన్ ఇంటికి వెళ్ళేది నువ్వేగా? పాపం, మంచం మీదున్నా ఊరి మీద ధ్యాస పోలేదు చూడు. ఇంగలీస ఏదో నాటకం ఆడబోతోందని బుధవారం పొద్దున్నే ఫోన్ చేశాడు. అయినా నువ్వు ఎంత చక్కగా ఇచ్చావు!"

సాగల్ పరిగెత్తుకొచ్చి అమ్మ మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. తర్వాత నాలుగు శాండ్‌విచ్‌లు తింది. దెకా టౌన్‌హాల్ బాత్రూములో చేతులు కడుక్కుంది. మైల అని కాదు. ఏం చెయ్యాలో తెలియక.

శనివారం ఏడున్నరకి తాళంచెవి డబ్బా మీద అంకెలు నొక్కింది. వేరే మనిషిని పంపమని ఆఫీసుకి చెప్పొచ్చు. అడిగితే మార్చేవాళ్ళే. అడగలేదు.

ప్రెబెన్ మేలుకునే ఉన్నాడు. తలుపు దగ్గర పడున్న ఆ రోజు పేపరు తెచ్చి ఆమె దుప్పటి మీద పెట్టింది. మొదటి పేజీలో మేయరు, దెకా. వెక్కిరింత కోసం ఆమె ఎదురుచూసింది. రాలేదు. లేపింది, కుర్చీలో కూర్చోబెట్టింది, నీళ్ళ వేడి చూసింది. తెల్ల గుడ్డ. చారల గుడ్డ. ఆయన గోడకేసి తిరిగాడు. దెకా నోరు విప్పలేదు. గోడకేసి చూస్తూ ఆయనే ఉండలేకపోయాడు.

"ఇచ్చావుగా మొత్తానికి."

"ఇచ్చాను. ఏడుగురికి."

"ఇవ్వవనుకున్నాను."

దెకా మోకాళ్ళ మీద కూర్చుని పాదాలు కడుగుతోంది. తలెత్తింది. "నేనేం చేశాను మిమ్మల్ని? ఎందుకు ఫోన్ చేశారు?"

"ఇవ్వవనే చేశాను." ఆయన గొంతులో ఉన్నది సిగ్గు కాదు, మోసపోయినవాడి ఉక్రోషం. "ఆ రూలు రాసిన రాత్రి ఈ ఇంట్లో ఆరుగురం కూర్చున్నాం. ఏం, మీ చేతులు పట్టుకోవాలని మేమేమన్నా మొహం వాచిపోయి ఉన్నామా? మీరు ఇవ్వరని తెలిసే రాశాం. నమ్మకం ఉన్నవాళ్ళు మెట్ల దగ్గరే ఆగిపోతారు, వెనక్కి పోతారు. అదీ లెక్క. మీలో ఒక్కళ్ళు ఆగుతారంటే అది నువ్వేననుకున్నాను. మా అమ్మలా మాట్లాడతావు, మా అమ్మలా మొండిదానివి అనుకున్నాను. నాకు నువ్వంటే గౌరవం ఉండేది, దెకా. ఒక పాస్‌పోర్టు కోసం ఊడిపోయేదా నీ దేవుడు?"

తనకి కోపం వస్తుందేమోనని దెకా చూసుకుంది. రాలేదు. పదిహేనో ఏట నుంచి కాపాడుకున్నదాన్ని నిన్న ఏడుగురి చేతుల్లో పెట్టి వచ్చింది. అది ఎవరికీ అక్కర్లేదని, అసలు అడిగింది దానికోసం కాదని ఈ తడిసిన ముసలాడు చెబుతున్నాడు. లోపల ఉండాల్సిన జాలి ఉండాల్సిన చోట లేదు. వెతికినా దొరకలేదు.

నీళ్ళు కట్టేసింది. తువ్వాలు కొక్కేనికే ఉంచింది.

ప్రెబెన్ ఒళ్ళంతా నీళ్ళు కారుతూ కూర్చున్నాడు. లేపడానికి ఆమె దగ్గరకి రాకపోవడం చూసి, పనిచేసే కుడిచెయ్యి ముందుకు చాపాడు. "ఊఁ, పట్టుకో."

దెకా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"క్షమించండి. నేను మగవాళ్ళకి చెయ్యి ఇవ్వను."

ఆయన నవ్వాడు. మూడేళ్ళలో ఆమె వేసిన జోకుల్లో ఇది బాగా పేలిందన్నట్టు దగ్గొచ్చేలా నవ్వాడు. చెయ్యి చాపే ఉంచాడు. ఆమె నవ్వలేదు. నవ్వు కొంచెం కొంచెంగా తగ్గి ఆగిపోయింది. చాపిన చెయ్యి కాసేపటికి బరువై తొడ మీద పడింది.

"దెకా" అన్నాడు. తర్వాత ఇంకా చిన్నగా, "మీరు... కాస్త..." అన్నాడు. ఒక్క మనిషిని పట్టుకుని డెబ్బై ఏళ్ళుగా ఆయన అనని మాట అది.

ఆమె స్నానాల గది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. అక్కణ్ణుంచి ఆయన తెల్లటి భుజాలు, ఎముకలు, బొడ్డు కింద మడతలు, ఈ మూడేళ్ళూ మాటలతో కప్పి ఉంచినదంతా కనిపిస్తోంది. కళ్ళు తిప్పుకోకుండా చూసింది. గోడకేసి తిరగడానికి ఆయనకి శక్తి చాలలేదు.

"చలేస్తోంది" అన్నాడు ప్రెబెన్.

"అవును, వేస్తుంది" అంది దెకా, నవంబరు చలి లోపలికొచ్చేట్టు వరండా వైపు తలుపు తెరుస్తూ.